పుట్ ఆఫ్: వాయిదా వేసిందా, మనసు విరిచిందా?

తెలుగులో ‘కొట్టేయడం’ అనే మాటను ఒకసారి గమనించండి. దొంగ పర్సు కొట్టేశాడు. న్యాయమూర్తి పిటిషన్ కొట్టేశారు. టీచర్ తప్పు పదాన్ని కొట్టేసింది. దారికి అడ్డమని చెట్టు కొట్టేశారు. నాలుగుచోట్లా క్రియ ఒకటే. అర్థం మాత్రం దొంగిలించడం, తోసిపుచ్చడం, గీత గీసి తీసేయడం, నరికేయడం అని నాలుగు దారులు పట్టింది. అయినా తెలుగు మాట్లాడేవారెవరూ ఇక్కడ తడబడరు. దేన్ని కొట్టేశారో చెబితే చాలు, ఏం జరిగిందో తెలిసిపోతుంది. అర్థాన్ని తేల్చేది క్రియ పక్కన ఉన్న కర్మ.

ఇంగ్లీషులో ‘పుట్ ఆఫ్’ నడిచేదీ ఇలాగే. సాధారణంగా దాన్ని ‘పోస్ట్‌పోన్’కు పర్యాయపదంగా నేర్పి వదిలేస్తారు. ఆ ఒక్క అర్థంతో బయల్దేరినవారికి ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అనే వాక్యం ఎదురైతే, వాసన మనిషిని వాయిదా వేయడమేమిటో బోధపడదు. ‘స్టాప్ స్టేరింగ్, యు ఆర్ పుటింగ్ మీ ఆఫ్’ అంటే మరీ అయోమయం. ఇవేమీ నిఘంటువు అడుగున పడి ఉన్న అర్థాలు కావు, రోజూ నోళ్లలో నలిగేవే. క్రియకు చివర ఒక చిన్న మాట తగిలించి అర్థాన్ని మార్చేసే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగిస్తుందని 1755లో వెలువడిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్ రాశాడు.

పుట్ ఆఫ్ వరకు ఆ కష్టాన్ని చాలామేరకు తీర్చే ప్రశ్న ఒకటుంది. దూరం జరిపింది పనినా, మనిషినా?

రెండు ఎఫ్‌ల మాట

‘దూరం జరపడం’ అనడానికి కారణం ‘ఆఫ్’లోనే ఉంది. ఒక ఎఫ్‌తో రాసే ‘ఆఫ్’, రెండు ఎఫ్‌లతో రాసే ‘ఆఫ్’ పాత ఇంగ్లీషులో ఒకే మాట. తర్వాత తర్వాత గట్టిగా పలికే రూపం రెండు ఎఫ్‌లతో విడిపోయి ‘వేరుపడి, దూరంగా’ అనే అర్థాన్ని తన దగ్గర ఉంచుకుంది. తేలిగ్గా పలికే రూపం ఒక ఎఫ్‌తో మిగిలింది. దాన్ని నిజానికి ‘అవ్’కు దగ్గరగా పలకాలి. తెలుగు లిపిలో రెండింటినీ ‘ఆఫ్’ అనే రాస్తాం కాబట్టి, ఇంగ్లీషులో రాసేటప్పుడు పుట్ ఆఫ్‌కు ఒక ఎఫ్ జారిపోవడం తరచూ కనిపించే తప్పు. ఈ క్రియకు ఎప్పుడూ రెండు ఎఫ్‌లే.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ అనువాదంలో, కాళ్లకున్న చెప్పులు విడిచేయమని చెప్పే చోట వాడింది ఈ పుట్ ఆఫ్‌నే. ఒంటిమీద ఉన్నదాన్ని ఒంటినుంచి వేరుచేయడం అన్నమాట. బట్టలు, చెప్పులు విడవడమనే ఆ అర్థం ఇప్పుడు పాతబడింది, మాటల్లో వాడితే వింతగా ఉంటుంది. కానీ ‘ఉన్నచోటు నుంచి దూరం పెట్టడం’ అనే బొమ్మ మాత్రం నేటి అర్థాలన్నిటి వెనకా కదలకుండా ఉంది. ఒక పనిని నేటి నుంచి దూరం జరిపితే వాయిదా. ఒక మనిషి మనసును ఒక వస్తువు నుంచి దూరం జరిపితే విముఖత. ఒకరి దృష్టిని చేస్తున్న పని నుంచి దూరం జరిపితే ఏకాగ్రత చెదరడం.

పనిని దూరం జరిపినప్పుడు

కర్మ స్థానంలో సమావేశమో, ప్రయాణమో, నిర్ణయమో ఉంటే అది వాయిదాయే, అందులో సందేహం అక్కర్లేదు. ‘దే పుట్ ఆఫ్ ద మీటింగ్’ అన్నా, ‘దే పుట్ ద మీటింగ్ ఆఫ్’ అన్నా ఒకటే. నామవాచకం ‘ఆఫ్’కు ముందైనా రావచ్చు, తర్వాతైనా రావచ్చు. ఆ నామవాచకం బదులు ‘ఇట్’, ‘దెమ్’ లాంటి సర్వనామం వస్తే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది. ‘దే పుట్ ఇట్ ఆఫ్’ ఒక్కటే సరైనది. ‘దే పుట్ ఆఫ్ ఇట్’ అని రాయరు, అనరు. కారణం ఇంగ్లీషు వాక్యపు ఊనికలో ఉంది. వాక్యం చివరి స్థానంలో బరువుగా పలికే మాట, కొత్త విషయం చెప్పే మాట ఉండాలని ఆ భాష కోరుకుంటుంది. ‘ఇట్’ అప్పటికే చెప్పుకున్నదాన్ని సూచించే తేలికపాటి మాట. అందుకే అది మధ్యలో ఒదిగిపోతుంది, ఊనిక ‘ఆఫ్’ మీద పడుతుంది. పైకి చదివేటప్పుడు ‘పుట్’ను నొక్కి ‘ఆఫ్’ను మింగేస్తే వాక్యం కుంటుతుంది.

ఇదే సూత్రం రెండో వైపు నుంచి కూడా పనిచేస్తుంది. కర్మ బాగా పొడుగైతే దాన్ని మధ్యలో ఇరికించరు. ఈనాటి పనిని రేపటికి నెట్టవద్దని చెప్పే పాత ఇంగ్లీషు సామెతలో ‘పుట్ ఆఫ్ టిల్ టుమారో’ అంతా అయిపోయాకే ‘వాట్ యు కెన్ డు టుడే’ అనే పొడవాటి కర్మ వస్తుంది. దాన్ని తీసుకెళ్లి పుట్‌కూ ఆఫ్‌కూ మధ్య కూర్చోబెడితే, వినేవాడు ‘ఆఫ్’ కోసం ఎదురుచూసి అలసిపోతాడు.

పుట్ ఆఫ్ తర్వాత ఇంకో క్రియ రావాల్సి వస్తే అది ‘ఇంగ్’ రూపంలోనే రావాలి. ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్’ ఒప్పు, ‘ఐ పుట్ ఆఫ్ టు గో’ తప్పు. ఎక్కువ మంది జారిపడేది ఇక్కడే. అయితే దీన్ని బట్టీ పట్టాల్సిన పని లేదు, తెలుగే దారి చూపిస్తుంది. ‘దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం వాయిదా వేశాను’ అంటాం, ‘వెళ్లడానికి వాయిదా వేశాను’ అనం. ‘వెళ్లడం’ అనే చోట ఇంగ్లీషులో ‘గోయింగ్’, ‘వెళ్లడానికి’ అనే చోట ‘టు గో’ అన్నది అన్ని క్రియలకూ వర్తించే సూత్రం కాదు. పుట్ ఆఫ్ విషయంలో మాత్రం చక్కగా అతుకుతుంది. ఇంకో మాట. ఈ ‘ఇంగ్’ రూపాన్ని ఎప్పుడూ ‘ఆఫ్’ తర్వాతే పెట్టాలి. ‘పుట్ గోయింగ్ ఆఫ్’ అని మధ్యలో దూర్చరు.

కాలాల విషయంలో ఒక చిక్కుంది. పుట్‌కు భూతకాల రూపం కూడా పుట్టే. ‘ఐ పుట్ ఆఫ్ మై ఎగ్జామ్’ అంటే వాయిదా వేశాననా, వేస్తుంటాననా? ఆ వాక్యంలో జవాబు లేదు. ‘లాస్ట్ వీక్’ అనో ‘ఆల్వేస్’ అనో ఒక కాలసూచిక తగిలించాలి. ‘హి’, ‘షి’లతో ఈ ఇబ్బంది రాదు, ‘పుట్స్ ఆఫ్’ అంటే వర్తమానం, ‘పుట్ ఆఫ్’ అంటే భూతం. ‘పుటెడ్’ అనే రూపం గోల్ఫ్ ఆటలో బంతిని గుంతలోకి మెల్లగా నెట్టడానికి సంబంధించిన వేరే క్రియది, దీనిది కాదు.

ఎప్పటికి వాయిదా అన్నది చెప్పడానికి ‘అంటిల్’ లేదా ‘టిల్’ వాడాలి. ‘పుట్ ఆఫ్ అంటిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారానికి. ఎంతకాలం వాయిదా అన్నదానికి ‘ఫర్’. ‘పుట్ ఆఫ్ ఫర్ ఎ వీక్’ అంటే ఒక వారంపాటు. తెలుగులో ‘శుక్రవారం వరకు వాయిదా’ అన్నా, ‘శుక్రవారానికి వాయిదా’ అన్నా శుక్రవారం జరుగుతుందనే అర్థం చేసుకుంటాం. ‘అంటిల్ ఫ్రైడే’ కూడా అంతే.

మరి పోస్ట్‌పోన్ ఉండగా ఇదెందుకు? నిజానికి రెండిటి ఎముకలూ ఒకటే. లాటిన్‌లో ‘పోస్ట్’ అంటే తర్వాత, ‘పోనెరె’ అంటే పెట్టడం. లాటిన్ వేషం కట్టినది ఉత్తరాలకు, నోటీసులకు, అధికారిక మెయిళ్లకు నప్పుతుంది. పుట్ ఆఫ్ మాటలకు, మామూలు రాతకు. అయితే తేడా హోదాతో ఆగిపోదు. మనిషి తనకు సంబంధించిన పనిని పుట్ ఆఫ్ చేస్తున్నాడంటే అందులో అయిష్టమో, బద్ధకమో, భయమో ఉందని చాలాసార్లు ధ్వనిస్తుంది. ‘ఐ కీప్ పుటింగ్ ఇట్ ఆఫ్’ అన్న వాక్యాన్ని ‘దాన్ని వాయిదా వేస్తూనే ఉన్నాను’ అని అనువదిస్తే అక్షరం దక్కుతుంది గాని ప్రాణం పోతుంది. ‘రేపు మాపు అంటూ నెట్టుకొస్తున్నాను’ అనాలి. ‘ద మ్యాచ్ వాజ్ పుట్ ఆఫ్’ లాంటి కర్మణి వాక్యంలో మాత్రం ఆ నింద ఉండదు. వర్షం పడింది, వాయిదా పడింది, అంతే.

‘డిలే’తో దీన్ని కలపకూడదు. విమానం గంట ఆలస్యమైతే ‘డిలేడ్’ అంటారు, ‘పుట్ ఆఫ్’ అనరు. పుట్ ఆఫ్ అంటే ఎవరో ఒకరు కావాలని తీసుకున్న నిర్ణయం. డిలే తనంతట తానైనా జరగవచ్చు. ఇక ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు. ఈ రెండు ‘ఆఫ్’లూ తారుమారైతే నష్టం పెద్దది. పెళ్లి ‘పుట్ ఆఫ్’ అయిందంటే ముహూర్తం మారింది, ‘కాల్ ఆఫ్’ అయిందంటే ఇక ఆ పెళ్లి లేదు.

మనిషిని దూరం జరిపినప్పుడు

ఇప్పుడు రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. ‘ఐ పుట్ ఆఫ్ ఈటింగ్.’ ‘ఇట్ పుట్ మీ ఆఫ్ ఈటింగ్.’ మొదటిదానికి తినడం కాసేపటికి వాయిదా వేశానని అర్థం. రెండోదానికి, అది చూశాక నాకు తినబుద్ధి కాలేదని అర్థం. కర్త మారడం అటుంచితే, మాటల్లో తేడా అల్లా పుట్‌కూ ఆఫ్‌కూ మధ్య ‘మీ’ చేరడమే. మధ్యలో మనిషి వచ్చి నిలబడ్డాడు, అర్థం వాయిదా నుంచి వెగటుకు మారింది. ఈ జంటను గుర్తుపెట్టుకుంటే పుట్ ఆఫ్‌లో సగం చిక్కు వీడినట్టే.

ఈ అర్థంలో వాక్యం మూడు తీర్లుగా ఉంటుంది. దేని మీద విముఖత కలిగిందో చెప్పకుండా వదిలేయొచ్చు: ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్.’ వస్తువు పేరు చెప్పొచ్చు: ‘దట్ ఇల్‌నెస్ పుట్ హిమ్ ఆఫ్ ఫిష్.’ ఆ జబ్బు తర్వాత అతనికి చేపలంటేనే సయించలేదని. పని పేరు చెప్పొచ్చు: ‘ద క్రాష్ పుట్ హర్ ఆఫ్ డ్రైవింగ్.’ ఆ ప్రమాదంతో కారు నడపడమంటే ఆమెకు మనసు రాలేదని. చివరి రెండింటిలో మనిషి మధ్యలో, వస్తువో పనో చివర. ఈ వరస మారదు. మనిషిని సూచించే మాట నామవాచకమైనా సరే ‘పుట్ పీపుల్ ఆఫ్ బైయింగ్’ అనాలే తప్ప, ‘పుట్ ఆఫ్ పీపుల్ బైయింగ్’ అనకూడదు. వస్తువు ప్రస్తావన లేకపోతే మళ్లీ వెసులుబాటు వస్తుంది. ‘హై ప్రైసెస్ పుట్ ఆఫ్ కస్టమర్స్’, ‘హై ప్రైసెస్ పుట్ కస్టమర్స్ ఆఫ్’ రెండూ ఒప్పే.

ఇక్కడ ‘ఫ్రమ్’ చేర్చాలనిపిస్తుంది. ‘డిస్కరేజ్’కు ‘ఫ్రమ్’ కావాలి, ‘ప్రివెంట్’కు కావాలి, కాబట్టి దీనికీ కావాలేమో అన్న ఊహ సహజమే. కానీ దూరం చెప్పే పని ‘ఆఫ్’ అప్పటికే చేసేసింది. ‘పుట్ మీ ఆఫ్ ఫ్రమ్ ఈటింగ్’ అంటే ఒకే పనికి ఇద్దరిని పెట్టినట్టు.

మనిషి కర్మగా ఉన్నప్పుడు ఇంకో అర్థానికీ చోటుంది. సర్వీస్ చేయబోతున్న టెన్నిస్ ఆటగాడి చెవిన జనంలోంచి ఒక కేక పడి బంతి నెట్‌కు తగిలితే, ‘ద షౌట్ పుట్ హిమ్ ఆఫ్’ అంటారు. అతనికి టెన్నిస్ మీద వెగటు పుట్టలేదు, ఆ క్షణంలో ధ్యాస చెదిరింది, అంతే. ఇది బ్రిటిష్ వాడుకలో ఎక్కువ. అమెరికన్లు ఇక్కడ ‘త్రో ఆఫ్’ అనో, ‘డిస్ట్రాక్ట్’ అనో అంటారు. విముఖతా, ధ్యాస చెదరడమా అన్నది తేల్చుకోవడానికి వాక్యంలోని కాలం ఉపయోగపడుతుంది. ‘యు ఆర్ పుటింగ్ మీ ఆఫ్’ అని జరుగుతున్న కాలంలో ఎదుటివారితో అంటే చాలావరకు ‘నా ధ్యాస చెడగొడుతున్నావు’ అనే. ‘పుట్ మీ ఆఫ్ ఫర్ లైఫ్’ అని శాశ్వతత్వం తోడైతే అది విముఖతే. ధ్యాస జీవితాంతం చెదరదు కదా.

మొదట చెప్పిన ప్రశ్నకు లొంగని వాక్యాలు కొన్నున్నాయి. వాటిని దాచిపెట్టడం సరికాదు. ‘దే వర్ కమింగ్ ఆన్ సండే, బట్ ఐ పుట్ దెమ్ ఆఫ్ అంటిల్ నెక్స్ట్ వీక్.’ కర్మ స్థానంలో మనుషులే ఉన్నారు, అయినా అర్థం వాయిదానే. వాళ్ల రాకను వచ్చే వారానికి జరిపాను అని. అలాగే అప్పులవాళ్లు వచ్చి అడిగినప్పుడు ఏదో సాకు చెప్పి పంపేయడాన్ని ‘హి పుట్ దెమ్ ఆఫ్ విత్ ఎన్ ఎక్స్‌క్యూజ్’ అంటారు. తెలుగులో ‘తిప్పిపంపడం’, ‘మాటలతో నెట్టుకురావడం’ దీనికి దగ్గర. ఇలాంటి చోట్ల ఆధారం వాక్యం తోకలో దొరుకుతుంది. మనిషి వెంట ‘అంటిల్’తో కాలమో, ‘విత్’తో సాకో కనిపిస్తే అది వాయిదా కుటుంబానిదే. వస్తువో, ‘ఇంగ్’ రూపమో కనిపిస్తే విముఖత. ఏమీ లేకపోతే ముందువెనకల వాక్యాలే దిక్కు.

‘పుట్ సమ్‌వన్ ఆఫ్ ద సెంట్’ అనే పలుకుబడి కూడా దగ్గరి చుట్టమే. వేటకుక్క వాసన పట్టుకుని వెళుతుంటే దాన్ని ఆ జాడ నుంచి తప్పించడం అందులోని బొమ్మ. వెంటబడేవారిని తప్పుదారి పట్టించడం నేటి అర్థం.

‘బై’ దగ్గర జాగ్రత్త

కర్మణి వాక్యంలో కర్మ వెళ్లి కర్త స్థానంలో కూర్చుంటుంది. కాబట్టి ప్రశ్న కూడా అక్కడికే మారాలి. ‘ద ఇంటర్వ్యూ వాజ్ పుట్ ఆఫ్ బై ద మేనేజర్’ అంటే మేనేజర్ ఇంటర్వ్యూను వాయిదా వేశారు. ‘ద క్యాండిడేట్ వాజ్ పుట్ ఆఫ్ బై ద మేనేజర్’ అంటే మేనేజర్ ధోరణి చూసి అభ్యర్థికి ఆ ఉద్యోగం మీద ఆసక్తి పోయింది. ‘బై ద మేనేజర్’ రెండిట్లోనూ ఉంది, అది చూసి తేల్చలేం. చూడాల్సింది వాక్యం మొదట్లో ఉన్నది ఇంటర్వ్యూనా, మనిషా అని.

‘డోంట్ బి పుట్ ఆఫ్ బై...’ అనే ఎత్తుగడ సలహాలిచ్చే రాతల్లో బాగా కనిపిస్తుంది. పుస్తకం లావుగా ఉందనో, యంత్రం చూడ్డానికి గజిబిజిగా ఉందనో వెనక్కి తగ్గొద్దని చెప్పడానికి. ఇది కోపమో అసహ్యమో కాదు, మొదటి చూపులో కలిగే జంకు మాత్రమే.

దీపం సంగతి

‘పుట్ ఆఫ్ ద లైట్’, ‘పుట్ ఆఫ్ ద ఫ్యాన్’ అనడం తప్పని కొందరు గట్టిగా దిద్దుతారు. అది పూర్తిగా సరైన దిద్దుబాటు కాదు. పరికరాన్ని ఆపేయడమనే అర్థం బ్రిటిష్ నిఘంటువుల్లో ఉంది. కాకపోతే నేడు ఎక్కడైనా ఇబ్బంది లేకుండా చెల్లే మాటలు ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’. అమెరికన్ చెవికి ‘పుట్ ఆఫ్ ద ఫ్యాన్’ ఎబ్బెట్టుగానే ఉంటుంది. పరీక్షలోనో, అంతర్జాతీయ పాఠకుల కోసమో రాస్తుంటే టర్న్ ఆఫ్ వాడటమే మేలు. మంటను ఆర్పడం మాత్రం ఎక్కడైనా ‘పుట్ అవుట్’, ‘పుట్ ఆఫ్ ద ఫైర్’ కాదు.

పుట్ అవుట్‌తో ఇంకో పేచీ ఉంది. ‘షి వాజ్ పుట్ ఆఫ్’ అంటే ఆమెకు ఆసక్తి చచ్చింది. ‘షి వాజ్ పుట్ అవుట్’ అంటే ఆమె నొచ్చుకుంది, చిన్నబుచ్చుకుంది. తనకు పిలుపు రాలేదని నొచ్చుకున్నవారు పుట్ అవుట్ అవుతారు, పుట్ ఆఫ్ అవరు.

తేదీలను అటూ ఇటూ జరిపే మాటలు ఒకచోట పెట్టి చూస్తే ఇంకొన్ని తికమకలు బయటపడతాయి. ‘పుట్ బ్యాక్’ అంటే బ్రిటిష్ వాడుకలో తేదీని వెనక్కి, అంటే ఆలస్యంగా జరపడం. తీసిన వస్తువును ఉన్నచోట తిరిగి పెట్టడం కూడా అదే మాట. ‘పుట్ ఫార్వర్డ్’ అనగానే ముందుకు జరపడమనుకుంటారు గాని, ఎక్కువగా అది ప్రతిపాదించడం. అనుకున్న తేదీకన్నా ముందే జరపడానికి అందరికీ తెలిసే మాట ‘బ్రింగ్ ఫార్వర్డ్’. భారతీయ ఇంగ్లీషులో స్థిరపడిన ‘ప్రిపోన్’ చక్కటి కల్పన, పోస్ట్‌పోన్‌కు సరైన ఎదురుమాట. అయితే ఇతర దేశాలవారిలో చాలామందికి అది తెలియదు. వారికి రాసేటప్పుడు ఏ మాట వాడినా పాత తేదీ, కొత్త తేదీ రెండూ పేర్కొంటే అపార్థానికి తావుండదు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

వాయిదా అర్థానికి తెలుగులో మాటలకు కొరత లేదు. విముఖత అర్థం దగ్గరే కలం ఆగుతుంది, ఎందుకంటే పుట్ ఆఫ్ ఒక్కటే చిన్న జంకు నుంచి పెద్ద ఏవగింపు దాకా అన్ని మెట్లనూ ఆక్రమించుకుంది. తెలుగు ప్రతి మెట్టుకూ వేరే మాట పెట్టుకుంది. ధర చూసి ‘వెనకాడాం’. ఫారం పొడుగు చూసి ‘జంకాం’. వాసనకు ‘వెగటు పుట్టింది’. అతని ప్రవర్తనకు ‘మనసు విరిగింది’. జబ్బుపడ్డాక చేపలు ‘సయించలేదు’. వీటిలో ఒకదాని చోట ఇంకొకటి పెడితే తూకం చెడుతుంది. ధర చూసి మనసు విరిగిందనడం ఎక్కువ, ప్రవర్తన చూసి జంకాననడం తక్కువ. ‘మొహం మొత్తింది’ అని అనువదించేవారూ ఉన్నారు. కానీ మొహం మొత్తేది అతిగా తిన్నప్పుడో, చూసినప్పుడో. పుట్ ఆఫ్ కావడానికి అతి అవసరం లేదు, ఒక్క చూపు చాలు, కొన్నిసార్లు తినకముందే.

దీని నుంచి పుట్టిన విశేషణం ‘ఆఫ్-పుటింగ్’. మధ్యలో చిన్న గీత పెట్టి రాస్తారు. క్రియకున్న అర్థాల్లో వాయిదా దీనికి రాదు. ‘యాన్ ఆఫ్-పుటింగ్ మ్యానర్’ అంటే దగ్గరికి పోనివ్వని ధోరణి. ఆ మనిషి తిట్టి ఉండడు, కసిరి ఉండడు. ఏదో బిగువు, ఏదో ముభావం. ఒక్క మాటలో పట్టుకోవాలని తంటాలు పడేకంటే ‘అతని తీరు చూస్తే మాట కలపబుద్ధి కాదు’ అని వాక్యంగా విప్పి రాస్తేనే తెలుగులో నిలుస్తుంది.